హజార్డ్ లైట్ స్విచ్: చెడిపోయినప్పుడు తాత్కాలిక ఏర్పాట్లు

నిర్వచనం, పరిధి

మోటారు వాహనానికి నాలుగు మూలలా ఉండే ఇండికేటర్లన్నీ ఒకేసారి, ఒకే లయలో వెలిగి ఆరేలా చేసే బటన్‌ను హజార్డ్ లైట్ స్విచ్ అంటారు. త్రిభుజంలో మరో త్రిభుజం ఉన్న గుర్తుతో, చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మధ్యన ఇది కనిపిస్తుంది. బండి రోడ్డు మీద ఆగిపోయిందనో, వెనక వచ్చేవాళ్లు ఊహించనంతగా నెమ్మదించిందనో చెప్పడానికి దీన్ని నొక్కుతారు. తెలుగు నాట డ్రైవర్లు వీటిని పార్కింగ్ లైట్లని కూడా అంటుంటారు. కంపెనీ పుస్తకాల్లో మాత్రం పార్కింగ్ లైట్లంటే హెడ్‌లైటు పక్కన నిలకడగా వెలిగే చిన్న బల్బులు. స్పేర్ పార్టుల దుకాణంలో స్విచ్ అడిగేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

స్విచ్ చెడిపోయాక కొత్తది బిగించేదాకా నెట్టుకురావడానికి చేసే పనులన్నీ తాత్కాలిక ఏర్పాట్ల కిందికి వస్తాయి. వీటిని సాధారణంగా వైరింగ్ సమస్యగానే చూస్తారు. ఏ వైరు దేనికి కలిపితే లైట్లు వెలుగుతాయన్నదే అక్కడ ప్రశ్న. కానీ హజార్డ్ లైట్ల పని వెలగడం కాదు, వెనక వచ్చే డ్రైవరుకు సమయానికి ఒక సంగతి తెలియజేయడం. కాబట్టి ఏ తాత్కాలిక ఏర్పాటైనా రెండు పరీక్షలకు నిలబడాలి. ఆ సంగతి అనుమానానికి తావు లేకుండా అందుతోందా? అందించే క్రమంలో బండికి ఉన్న మిగతా సంకేతాలు చెడిపోకుండా ఉన్నాయా? ఇలా చూస్తే బాగా చెలామణీలో ఉన్న కొన్ని చిట్కాలు నిలబడవు. ఎవరూ అంతగా పట్టించుకోని కొన్ని ఏర్పాట్లు ముందు వరసలోకి వస్తాయి.

చరిత్ర

హజార్డ్ లైట్లు రాక మునుపు ఆగిపోయిన బండికి కాపలా కాసినవి మండే ఫ్లేర్లు, లాంతర్లు, ఎర్రగుడ్డలు. మన రహదారుల మీద లారీ ఆగిపోతే వెనక రాళ్లు పేర్చి, చెట్టుకొమ్మ విరిచి పెట్టడం ఇప్పటికీ చూస్తాం. ఇండికేటర్లన్నిటినీ కలిపి మినుకుమినుకుమనిపించే ఏర్పాటు ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో స్థిరపడింది. అమెరికాలో వాహన దీపాల ప్రమాణం ఎఫ్.ఎం.వి.ఎస్.ఎస్. 108 1960ల చివర్లో అమల్లోకి వచ్చింది. ఆ కాలపు అమెరికన్ కార్లు చాలావాటిలో హజార్డ్ మీట స్టీరింగ్ కాలమ్ మీద ఉండేది. తర్వాత్తర్వాత అది డ్యాష్‌బోర్డు మధ్యకు మారింది. డ్రైవరు స్పృహలో లేకపోయినా పక్క సీటువాళ్లు నొక్కగలగడం ఆ చోటుకున్న పెద్ద ప్రయోజనం.

అంతర్జాతీయంగా దీపాల అమరికను ఐక్యరాజ్యసమితి 48వ నంబరు వాహన నిబంధన నిర్దేశిస్తుంది. హజార్డ్ సంకేతానికి విడిగా ఒక స్విచ్ ఉండాలి, ఇండికేటర్లన్నీ ఒకే లయలో వెలగాలి, ఇంజన్ ఆపేసి ఉన్నా పనిచేయాలి అన్నవి అందులోని ముఖ్యాంశాలు. లయ నిమిషానికి 90 సార్లు, 30 అటూ ఇటూ. భారత్‌లో నాలుగు చక్రాల వాహనాల దీపాల అమరికకు ఎ.ఐ.ఎస్.-008 ప్రమాణం ఉంది. తాత్కాలిక ఏర్పాటును బేరీజు వేయడానికి ఈ షరతులే మంచి ఆధారం, ఎందుకంటే రోడ్డు మీద డ్రైవర్ల కళ్లు అలవాటు పడింది ఈ లయకే.

పనిచేసే తీరు

పాత పద్ధతి బండ్లలో ఈ స్విచ్ చేసే పని చూడటానికి కనిపించేదానికన్నా ఎక్కువ. జర్మన్ ప్రమాణం డిన్ 72552 ప్రకారం వైర్ల టెర్మినళ్లకు అంకెలుంటాయి. 30 అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చే కరెంటు. 15 అంటే తాళం తిప్పితేనే వచ్చేది. 49 ఫ్లాషర్ రిలేలోకి పోయేది, 49ఎ దానిలోంచి కొట్టుకుంటూ బయటికి వచ్చేది, 31 ఎర్త్, ఎల్, ఆర్ అంటే ఎడమ, కుడి లైట్లు. స్విచ్ నొక్కకుండా వదిలి ఉన్నప్పుడు దాని లోపలే 15, 49 కలిసి ఉంటాయి. అంటే మామూలు ఇండికేటర్లకు పోయే కరెంటు కూడా హజార్డ్ స్విచ్ గుండానే పోతుంది. నొక్కగానే ఆ దారి తెగి 30, 49 కలుస్తాయి, దాంతో తాళం తీసేసినా ఫ్లాషర్‌కు కరెంటు అందుతుంది. అదే నొక్కుకు 49ఎ వెళ్లి ఎల్‌నూ ఆర్‌నూ ఒకేసారి తాకుతుంది. హజార్డ్ స్విచ్ పాడైతే ఒక్కోసారి ఇండికేటర్లు కూడా చచ్చిపోవడానికి కారణం ఈ 15-49 దారే. వదిలి ఉన్నప్పటి కాంటాక్టు నల్లబడితే హజార్డ్ పనిచేస్తుంది, ఇండికేటర్లు పనిచేయవు. నొక్కినప్పటి కాంటాక్టు నల్లబడితే దీనికి తిరుగుముఖం.

కొన్ని కార్లలో ఫ్లాషర్ రిలే కూడా స్విచ్‌లోనే ఇమిడి ఉంటుంది. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ నాలుగో తరం కారు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఇలాంటిచోట విడిగా మార్చుకోడానికి రిలే ఉండదు, మొత్తం బటన్‌నే మార్చాలి. (చూ. ఫ్లాషర్ రిలే)

ఇటీవలి కార్లలో కథ వేరు. బటన్ గుండా లైట్ల కరెంటు పారదు. అది బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటరుకు ఒక్క క్షణంపాటు సైగ చేసి ఊరుకుంటుంది, మిగతా పనంతా మాడ్యూల్ చూసుకుంటుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు చాలా కార్లలో హజార్డ్ లైట్లు వాటంతటవే వెలగడం ఈ ఏర్పాటు వల్లే సాధ్యమైంది. 48వ నిబంధన అనుమతించే అత్యవసర బ్రేకు సంకేతం కూడా ఇలాంటిదే. వేగంగా పోతూ గట్టిగా బ్రేకు వేస్తే ఇండికేటర్లో బ్రేకు లైట్లో సెకనుకు సుమారు 4 సార్లు కొట్టుకుంటాయి, బటన్‌తో పని లేదు. అందుచేత తాత్కాలిక ఏర్పాటు మొదలుపెట్టే ముందు బండి ఏ తరానిదో తేల్చుకోవాలి. పాత బండికి పనికొచ్చిన వైరు ముక్క కొత్త బండి మాడ్యూల్‌ను కాల్చేయగలదు.

స్విచ్ మీద పడే భారం

12 వోల్టుల కారులో నాలుగు మూలలా 21 వాట్ల బల్బులు, పక్కల రెండు 5 వాట్ల బల్బులు ఉన్నాయనుకుంటే మొత్తం 94 వాట్లు. బల్బులు వెలిగిన క్షణంలో స్విచ్ గుండా దాదాపు 8 ఆంపియర్లు పోతాయి. ఒక్క పక్క ఇండికేటర్ వేసినప్పుడు పోయేది ఇందులో సగం. ఈ లెక్క ఎందుకంటే, కాంటాక్టుల మధ్య మసి చేరి కేవలం ఓమ్‌లో పదోవంతు నిరోధం ఏర్పడినా 8 ఆంపియర్ల దగ్గర అక్కడే 6 వాట్లకు పైగా వేడి పుడుతుంది. గోరంత కాంటాక్టుకు అది చాలా ఎక్కువ. ప్లాస్టిక్ మెత్తబడి బటన్ వంకరపోవడం, నొక్కితే లోపలే ఉండిపోవడం ఇలాగే మొదలవుతాయి. 24 వోల్టుల లారీలో అదే వాట్లకు కరెంటు సగమే. ఎల్.ఇ.డి. లైట్లున్న బండిలో ఇంకా తక్కువ.

లోపం ఎక్కడుందో గుర్తించడం

హజార్డ్ వెలగనంత మాత్రాన స్విచ్ పోయినట్టు కాదు. ఎడమ, కుడి ఇండికేటర్లు రెండూ మామూలుగా పనిచేస్తూ హజార్డ్ మాత్రమే వెలగకపోతే బల్బులు, వాటి వైర్లు బాగున్నట్టే. అప్పుడు అనుమానించాల్సింది హజార్డ్ ఫ్యూజును, ఆ తర్వాత స్విచ్‌ను. ఎడమ, కుడి ఇండికేటర్లు రెండూ వెలగకపోతే ఫ్యూజు, ఫ్లాషర్, స్విచ్‌లోని 15-49 కాంటాక్టు ఈ మూడింట్లో ఒకటి. ఒక పక్క ఇండికేటర్ మరీ వేగంగా టకటకలాడితే ఆ పక్క ఒక బల్బు మాడిపోయినట్టు. ఎలుకలు కొరికిన వైర్లు, వదులైన సాకెట్టు కూడా స్విచ్ లోపంలాగే కనిపిస్తాయి. ఫ్యూజు తీసి వెలుతురులో చూడటానికి నిమిషం పడుతుంది, డ్యాష్‌బోర్డు విప్పడానికి గంట పడుతుంది. ఈ వరస తప్పి పనిచేసేవాళ్లు బాగున్న స్విచ్‌ను విప్పి గొళ్లాలు విరగ్గొడుతుంటారు.

స్విచ్‌ను బయటికి తీశాక మల్టీమీటరుతో తేల్చుకోవచ్చు. బీప్ శబ్దం వచ్చే చోట మీటరు పెట్టి, పాత పద్ధతి స్విచ్ అయితే ఒక పిన్నును 49 మీద, రెండోదాన్ని 15 మీద ఆనించాలి. బటన్ వదిలి ఉంటే బీప్ వినిపించాలి, నొక్కితే ఆగాలి. రెండో పిన్నును 30 మీదికి మారిస్తే ఇది తిరగబడాలి. తర్వాత 49ఎ నుంచి ఎల్‌కూ, ఆర్‌కూ విడివిడిగా చూడాలి, రెండూ బటన్ నొక్కినప్పుడే పలకాలి. బీప్ వస్తూ పోతూ ఉంటే కాంటాక్టు మురికి పట్టినట్టు. అసలు రాకపోతే విరిగినట్టో కాలినట్టో. మొదటిది శుభ్రం చేస్తే తాత్కాలికంగానైనా బాగుపడుతుంది, రెండోది బాగుపడదు. (చూ. మల్టీమీటరు, ఫ్యూజు)

తాత్కాలిక పద్ధతులు

శుభ్రం చేయడం: కాంటాక్టులకు మురికి పట్టినప్పుడు అన్నిటికన్నా నిరపాయమైన దారి ఇదే. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, స్విచ్ అంచుల్లోకి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనరు కొద్దిగా కొట్టి, బటన్‌ను ఇరవై ముప్పై సార్లు నొక్కి వదిలితే కాంటాక్టుల మీది మసి కొంత రాలుతుంది. క్లీనరు పూర్తిగా ఆరాకే బ్యాటరీ కలపాలి. పెట్రోలు, కిరోసిన్ వాడకూడదు. అవి ప్లాస్టిక్‌ను తింటాయి, నిప్పురవ్వ పుట్టే చోట ఆవిరి నింపుతాయి. ఈ పద్ధతి రెండు పరీక్షల్లోనూ నెగ్గుతుంది, బండిలోని అసలు దారినే తెరుస్తుంది కాబట్టి ఇండికేటర్లకు చేటు లేదు. వేడికి వంకరపోయిన స్విచ్‌కు మాత్రం ఇది పనికిరాదు.

బటన్ నిలబెట్టడం: పాత స్విచ్‌లలో బటన్ నొక్కితే లోపల నిలబెట్టే చిన్న కొక్కెం, స్ప్రింగు ఉంటాయి. కొక్కెం అరిగితే వేలు తీయగానే బటన్ బయటికి వచ్చేస్తుంది. మడతపెట్టిన అట్టముక్కను బటన్ పక్కన బిగించి దాన్ని లోపలే ఆపడం బాగా తెలిసిన చిట్కా. కరెంటు దారి మారదు కనుక ఇది మంచి చిట్కాయే. అగ్గిపుల్లకన్నా అట్ట నయం, విరిగి లోపల పడదు. పైనున్న ప్లాస్టిక్ టోపీ మాత్రమే ఊడిపోతే పెన్ను మొనతో నొక్కుకోవచ్చు. క్షణంపాటు సైగ చేసే కొత్త రకం బటన్‌కు అట్ట పెట్టకూడదు. ఎడతెరిపి లేకుండా నొక్కి ఉంటే మాడ్యూల్ దాన్ని లోపంగా లెక్కించవచ్చు.

వైరు ముక్కతో కలపడం: స్విచ్ సాకెట్టు ఊడదీసి అందులోని రంధ్రాలను వైరుతో కలపడం ఎక్కువమంది చేసేది, ఎక్కువగా తప్పు జరిగేది. లైట్లు వెలగాలంటే 30, 49 కలవాలి, ఎల్, ఆర్ రెండూ 49ఎతో కలవాలి. ఆ కలయికను అలాగే వదిలేస్తే ఎల్, ఆర్ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అప్పటినుంచి కుడికి తిరగడానికి ఇండికేటర్ వేసినా నాలుగూ వెలుగుతాయి. బండి కదిలేటప్పుడు తిరుగుడు సంకేతం పోవడం మామూలు నష్టం కాదు, ఆగిన బండిని కాపాడబోయి నడిచే బండిని ప్రమాదంలో పడేయడమే. పైగా 30 నుంచి వచ్చే వైరులో ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది, మధ్యలో ఫ్యూజు లేకుండా అది బండి ఇనుముకు తగిలితే వైరు ఎర్రగా కాలుతుంది. ఈ దారి తప్పనిసరైతే 10 లేక 15 ఆంపియర్ల ఫ్యూజున్న వైరు వాడి, బండి ఆగి ఉన్నంతసేపే ఉంచి, కదిలే ముందు తీసేయాలి. కొత్త తరం కారులో అయితే బటన్ రెండు పిన్నులను క్షణంపాటు ఒకదానికొకటి తాకించడం వరకే. అది కూడా వైరింగ్ పటం చూసుకునే చేయాలి. బ్యాటరీ పాజిటివ్‌ను ఆ సైగ వైరుకు ఎన్నడూ ఇవ్వకూడదు.

విడిగా ఫ్లాషర్, టాగిల్ స్విచ్: ఆటో ఎలక్ట్రీషియన్లు పాత బండ్లకు చేసే ఏర్పాటు ఇది. బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా ఒక కొత్త ఎలక్ట్రానిక్ ఫ్లాషర్‌కు కరెంటు ఇచ్చి, దాని అవుట్‌పుట్‌ను రెండు జతల కాంటాక్టులున్న టాగిల్ స్విచ్ గుండా ఒకటి ఎల్‌కు, ఒకటి ఆర్‌కు పంపుతారు. రెండు జతలు ఉండటమే ఇక్కడ కీలకం. స్విచ్ ఆపేయగానే ఎల్, ఆర్ విడిపోతాయి, ఇండికేటర్లు మామూలుగా పనిచేస్తాయి. ఒకే జత ఉన్న చవక స్విచ్ వాడితే పైన చెప్పిన ఎడమ-కుడి కలయిక మళ్లీ వస్తుంది. తాళం తీసేసినా వెలగడం, ఒకే లయ, విడి స్విచ్ అనే మూడు షరతులూ దీనికి తీరతాయి కాబట్టి పాత బండ్లకు తాత్కాలిక ఏర్పాట్లలో ఇదే గట్టిది. బాడీ కంట్రోల్ మాడ్యూల్ ఉన్న కారులో ఇలా చేస్తే కరెంటు వెనక నుంచి మాడ్యూల్‌లోకి ఎక్కే ప్రమాదం ఉంది, అక్కడ వద్దు.

డ్యాష్‌బోర్డు విప్పే పద్ధతి దేనికైనా ఒక జాగ్రత్త వర్తిస్తుంది. పసుపు తొడుగున్న వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని టెస్ట్ ల్యాంపుతో పొడవకూడదు, మల్టీమీటరుతో కూడా చూడకూడదు.

స్విచ్ ఆన్‌లో ఇరుక్కుపోతే

వెలగని స్విచ్ కన్నా ఆరని స్విచ్ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. సగం సమయం వెలుగు, సగం సమయం చీకటి అనుకుంటే 94 వాట్ల లైట్లు సగటున 4 ఆంపియర్లు తాగుతాయి. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగైదు గంటల్లో సగం ఖాళీ అవుతుంది, పాతబడ్డ బ్యాటరీ అయితే ఆ పాటికే స్టార్టరు తిప్పే శక్తి కోల్పోవచ్చు. దీనికి వెంటనే చేయగలిగింది ఫ్యూజు లేదా ఫ్లాషర్ రిలే పీకేయడం. అలా చేస్తే చాలా బండ్లలో ఇండికేటర్లు కూడా పోతాయి. అప్పుడు దగ్గరలోని మెకానిక్ దాకా పగటి వెలుతురులో, చేతి సంకేతాలతో వెళ్లడమే దారి. కుడికి తిరగాలంటే కుడి చేయి బయటికి చాపాలి, ఎడమకైతే చాపిన చేతిని అపసవ్యంగా తిప్పాలి, నెమ్మదించాలంటే అరచేయి కిందికి పెట్టి పైకీ కిందికీ ఆడించాలి. రాత్రిపూట వీటిని ఎవరూ చూడలేరు. చీకటి పడితే ఫ్యూజు పీకిన బండిని నడపకపోవడమే సరి.

వైరింగ్‌తో పని లేని హెచ్చరికలు

రోడ్డు పక్కన, చేతిలో పరికరాలేవీ లేకుండా స్విచ్ చెడిపోయిందని తెలిసిన డ్రైవరుకు ముందు అవసరమయ్యేవి ఇవే. వ్యాసం మొదట చెప్పిన పరీక్షలకు బాగా నిలబడేవీ ఇవే. గంటకు 100 కి.మీ. వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దూసుకొస్తుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర నుంచి రెండు సెకన్లు పడితే అప్పటికే 42 నుంచి 56 మీటర్లు దాటిపోతాయి. పొడి రోడ్డు మీద గట్టి బ్రేకుకు మరో 55 మీటర్లు కావాలి. అంటే కనీసం వంద మీటర్ల ముందు సంగతి తెలియాలి. బండికి వెలుగుతున్న హజార్డ్ లైట్లు తిన్నని రోడ్డు మీద ఆ దూరం నుంచి కనబడతాయి, మలుపు అవతల కనబడవు. బండి నుంచి దూరంగా పెట్టిన ఎర్ర ప్రతిఫలన త్రిభుజం మలుపుకు ఇవతల కూడా పనిచేస్తుంది. అమెరికాలో వాణిజ్య వాహనాల నిబంధన ఈ రెండింటి సంబంధాన్ని స్పష్టంగా చెబుతుంది. ఆగిన వెంటనే హజార్డ్ లైట్లు వేయాలి, 10 నిమిషాల లోపు త్రిభుజాలు పెట్టాలి, అవి పెట్టేదాకా లైట్లు వెలుగుతూ ఉండాలి. మధ్యలో విభజన ఉన్న రహదారి మీద త్రిభుజాలు వచ్చే వాహనాల వైపు 10, 100, 200 అడుగుల దూరాల్లో ఉండాలి. అంటే ఆగిపోయిన బండికి హజార్డ్ లైట్లు మొదటి నిమిషాల కాపలా మాత్రమే. ఆ తర్వాతి కాపలా త్రిభుజాలది.

ఇక్కడినుంచి ఒక వరస తేలుతుంది. స్విచ్ పనిచేయకపోతే బండిని వీలైనంత ఎడమ అంచుకు దించాలి, రాత్రయితే నిలకడగా వెలిగే పార్కింగ్ లైట్లు వేయాలి, దిగగలిగితే త్రిభుజం పెట్టాలి, మనుషులు రెయిలింగు అవతలికి వెళ్లాలి. వైరింగ్ సంగతి ఆ తర్వాత. వాలులో, వర్షంలో, మంచులో త్రిభుజం ఇంకా దూరం పోవాలి. హైదరాబాద్ చుట్టూ 158 కి.మీ. ఉన్న అవుటర్ రింగ్ రోడ్డు లాంటి చోట వాహనాలు సెకనుకు 30 మీటర్లకు పైగా వస్తుంటాయి, అక్కడ త్రిభుజం పట్టుకుని నడిచే మనిషికే ప్రమాదం. బ్రిటన్ హైవే కోడ్ మామూలు రోడ్ల మీద కనీసం 45 మీటర్ల దూరంలో త్రిభుజం పెట్టమంటూ మోటార్‌వేల మీద అసలు పెట్టవద్దంటుంది. స్పెయిన్ 2026 జనవరి 1 నుంచి త్రిభుజాల స్థానంలో కారు పైకప్పుకు అతికించే, తన చోటును నెట్‌వర్కుకు తెలిపే వి-16 దీపాన్ని తప్పనిసరి చేసింది. కిటికీలోంచి చేయి చాపి పెట్టొచ్చు, దిగనక్కర్లేదు. అయస్కాంతంతో అతుక్కునే చిన్న పసుపు ఫ్లాషర్ దీపం ఒకటి డిక్కీలో ఉంచుకుంటే చెడిపోయిన హజార్డ్ స్విచ్‌కు అంతకు మించిన తాత్కాలిక ప్రత్యామ్నాయం లేదు. నీలం, ఎరుపు దీపాలు వాడకూడదు, అవి అత్యవసర వాహనాల సంకేతంతో కలగాపులగమవుతాయి.

ఇండికేటర్ ఒక్కటే వేసి వదలడం చాలామంది చేసే పని. ఎడమ అంచున ఆగి కుడి ఇండికేటర్ వేస్తే బండి రోడ్డెక్కబోతోందని అర్థం. ఎడమ ఇండికేటర్ వేస్తే నడుస్తున్న బండి ఎడమకు జరుగుతోందని అర్థం. రెండూ ఆగిపోయిందన్న సంగతి చెప్పవు. మీటను చేత్తో అటూ ఇటూ మారుస్తూ ఉంటే హజార్డ్‌లా కనబడుతుందనేవాళ్లున్నారు, కానీ అందుకు ఒక మనిషి బండి లోపలే కూర్చోవాలి. వెనక నుంచి లారీ వచ్చి గుద్దితే అంతకన్నా చెడ్డ చోటు లేదు. ఏ సాధనమూ లేని రాత్రి, ఏమీ వెలగకపోవడం కన్నా ఒక పక్క ఇండికేటరైనా నయమే. అంతకు మించి దాన్ని నమ్ముకోకూడదు. రాళ్లు, కొమ్మల సంగతి అంతకన్నా గట్టిగా చెప్పాలి. రాయికి ప్రతిఫలించే గుణం లేదు, బండి బాగయ్యాక దాన్ని తీసేవాళ్లూ తక్కువ. లారీ వెళ్లిపోయాక ఆ రాయి మోటారు సైకిలు నడిపేవాడి పాలిట మృత్యువవుతుంది.

అభ్యంతరాలు, సమాధానాలు

త్రిభుజమే మేలైతే స్విచ్ బాగుచేసే తొందరెందుకని అడగవచ్చు. త్రిభుజం ఆగాక పనిచేసేది. ముందు వాహనాలన్నీ ఒక్కసారిగా ఆగిన రహదారి మీద బ్రేకు వేస్తూనే వెనకవాళ్లను హెచ్చరించే ఆ రెండు మూడు సెకన్లలో బటన్ తప్ప వేరే సాధనం డ్రైవరు చేతిలో ఉండదు. త్రిభుజం పెట్టడానికి దిగే నిమిషంలోనూ అంతే. కాబట్టి స్విచ్‌ను పక్కన పెట్టలేం. దాని స్థానంలో పెట్టేవాటికి ఉన్న పరిమితి తెలుసుకుని వాడాలి.

టాగిల్ స్విచ్ ఏర్పాటు అన్ని షరతులూ తీరుస్తుంటే దాన్నే శాశ్వతంగా ఎందుకు ఉంచకూడదన్నది ఇంకో ప్రశ్న. దీనికి బలం ఉంది. పదిహేనేళ్ల బండికి అసలు స్విచ్ దొరకడమే కష్టమైనప్పుడు ఎలక్ట్రీషియన్ చేసిన చక్కటి ఏర్పాటు ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అయితే ఆ స్విచ్ స్టీరింగ్ కింద ఎక్కడో ఉంటుంది, దాని మీద త్రిభుజం గుర్తు ఉండదు. బండి యజమాని కాక ఇంకొకరు నడిపిన రోజున, గాభరాలో వేలు వెతికేది డ్యాష్‌బోర్డు మధ్యనున్న పనిచేయని బటన్‌నే. అసలు చోటులో, అసలు గుర్తుతో అమర్చగలిగితే ఈ అభ్యంతరం పోతుంది. అప్పుడది తాత్కాలికం కాదు, మరమ్మతే.

ఇలాంటి చిట్కాలు చెప్పడమే జనాన్ని మరమ్మతు వాయిదా వేసేలా చేస్తుందన్నది మూడో అభ్యంతరం. చిట్కా చెప్పకపోయినా వైరు ముక్కలు కలిపేవాళ్లు కలుపుతూనే ఉన్నారు, ఫ్యూజు లేకుండా, ఎల్, ఆర్ తేడా తెలియకుండా. తెలిసి చేసే తాత్కాలిక ఏర్పాటు తెలియక చేసేదానికన్నా సురక్షితం.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 122 బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం, అడ్డంకి కలిగేలా వాహనాన్ని వదలడాన్ని నిషేధిస్తుంది. సెక్షన్ 127 కింద రాకపోకలకు ప్రమాదకరంగా ఉన్న వాహనాన్ని వెంటనే లాగించే అధికారం పోలీసులకుంది. సురక్షితం కాని స్థితిలో వాహనం నడపడం సెక్షన్ 190 కిందికి వస్తుంది. నడిచే బండిలో హజార్డ్ లైట్లు వేసుకుని పోవడం గురించి దేశానికో తీరు. అమెరికాలో రాష్ట్రాల మధ్యే తేడాలున్నాయి. ఫ్లోరిడా 2021 జులై నుంచి, గంటకు 55 మైళ్లు లేదా అంతకు మించి వేగపరిమితి ఉన్న రోడ్ల మీద, చూపు బాగా మందగించిన పరిస్థితిలో దానికి అనుమతిచ్చింది. అక్కడ ఉంటున్న తెలుగువాళ్లు తమ రాష్ట్రపు డ్రైవర్ పుస్తకం చూసుకోవాలి. మన దగ్గర కూడలిలో నేరుగా పోతామని చెప్పడానికి నాలుగు ఇండికేటర్లు వేసే అలవాటుంది, అది తప్పు సంకేతం. పక్క నుంచి చూసేవాళ్లకు ఒక వైపు లైటే కనబడి బండి తిరుగుతోందనిపిస్తుంది. (చూ. చేతి సంకేతాలు, ప్రతిఫలన త్రిభుజం)

జాతీయ రహదారి మీద బండి ఆగిపోయి, హెచ్చరించే సాధనమేదీ లేనప్పుడు జాతీయ రహదారుల సంస్థ సహాయ సంఖ్య 1033కు ఫోన్ చేయవచ్చు. ప్రాణాపాయం ఉంటే 112.